ఖతీజా పేరు మీద ఫారం

నేను మనుషుల అలసటను కొలుస్తాను. మా ఆయన జయానందం ఈ మాట విన్నప్పుడల్లా నవ్వి, "కిలోలల్లనా, లీటర్లల్లనా?" అంటాడు. ఆయన నవ్వినంత మాత్రాన నా పని చిన్నదైపోదు. మెదక్‌లో ఒక ప్రైవేటు డయాలిసిస్ సెంటర్‌కు వచ్చే కిడ్నీ పేషెంట్లను మూడు నెలలకోసారి కలుస్తాను. ఎంత అలసిపోతున్నారు, ఎంత నిద్రపోతున్నారు, మనసెట్లా ఉంది, బతుకు ఎట్లా గడుస్తోంది అని నలభై రెండు ప్రశ్నలు అడిగి, నలభై రెండు అంకెలు వేసి హైదరాబాదుకు పంపుతాను. అక్కడ వినీల మేడం అని మా పై ఆఫీసరు ఉంది. ఆ అంకెలన్నీ కూడితే మనిషి గుట్టు బయటపడుతుందని ఆమె నమ్మకం. ఏడాది తిరక్కుండానే నాకూ అదే నమ్మకం కుదిరింది.

ఫారంలో తెలుగు రాసిన మహానుభావుడెవరో గానీ ఆయన మనుషులతో మాట్లాడి చాలా కాలమై ఉంటుంది. "గత రెండు వారాలలో మీరు నిరాసక్తతకు లోనైనారా?" అని రాశాడు. తెల్లారకముందే బస్సెక్కి రేగోడ్ నుంచి వచ్చిన ఒక ముసలాయనను అదే మాట అడిగితే, "గదేం బీమారి బిడ్డా, గది గుడ అంటుకున్నదా నాకు?" అని గుండె పట్టుకున్నాడు. అప్పటినుంచి నేను నా మాటల్లోనే అడుగుతాను. "ఏ పని మీదన్న మనసు పడుతుందా లేదా?" అంటాను. జవాబులు నాలుగే. అసలు లేదంటే సున్నా, కొన్ని రోజులంటే ఒకటి, సగం రోజుల కంటే ఎక్కువంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు.

చిక్కంతా మా ఊరివాళ్ళతోనే. పాణం మీదికొచ్చినా సరే, ఎట్లున్నవని అడిగితే "మంచిగున్న" అంటారు. కాళ్ళు గుమ్మడికాయల్లా వాచి ఉంటాయి, నడవడానికి ఇద్దరు పట్టుకోవాలి, అయినా "జర వాపున్నది, గంతే" అంటారు. నేను సున్నాలు పెట్టి పెట్టి విసిగిపోయేదాన్ని. "మీ మెదక్‌లో అందరూ ఇంత సుఖంగా ఉంటే నేనూ వచ్చి అక్కడే ఉంటాను పెర్సిస్ గారూ" అని వినీల మేడం ఫోనులో ఎకసెక్కం చేసేది.

ఆ సున్నాల మధ్య ఒక్క ఫారం మాత్రం నిజం ఫారంలా ఉండేది. అది ఖతీజా బేగంది. ఆ ఘనత ఆమె మొగుడు అబ్దుల్‌ది.

డయాలిసిస్ గదిలోకి నన్ను రానివ్వరు, క్రిములు వస్తాయని. బయట బెంచీ మీద కూర్చుని, లోపలికి పోయేముందే అందరినీ అడిగి పంపిస్తాను. మొదటిసారి ఖతీజా నల్ల బురఖాలో తలొంచుకుని నా ముందునుంచే పోతుంటే పిలిచాను. ఆమె ఆగలేదు, లోపల టైమైపోతోంది. వెనక వస్తున్న అబ్దుల్ ఆగాడు. "ఆమెకు తెలుగు రాదు మేడం. నన్నడుగుండ్రి, ఆమె సంగతంత నాకెర్కే" అన్నాడు. రోగినే అడగాలి, పక్కవాళ్ళను అడగొద్దు అని మాకు శిక్షణలో వందసార్లు చెప్పారు. కానీ నాకు వచ్చింది బజారు ఉర్దూ, టమాటలు బేరమాడడానికి సరిపోయేంత. మనసు సంగతి అడగాలంటే చాలదు. పైగా ఈయనైతే పది నిమిషాల్లో పని తెమిలిపోతుంది. బురఖా వేసుకుంది కదా, తెలుగు రాదేమోలే అనుకున్నాను. ఒకసారి పలకరించి చూద్దామని కూడా తోచలేదు.

అబ్దుల్‌కు బస్టాండ్ అవతల మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. టేక్మాల్, రేగోడ్ వైపు రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి పడేస్తే, లోపలి రాగితీగ అంతా పీకి కొత్తగా చుట్టి ఇస్తాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నేను ప్రశ్న అడిగితే చటుక్కున చెప్పేవాడు కాదు. కాసేపు నేల చూసి అప్పుడు చెప్పేవాడు.

"నిద్ర మేడం, రెండింటికి మెలకువొస్తది. ఇగ తెల్లారి ఫజర్ అజా దాక పైకప్పు సూసుడే. మూడు రాయుండ్రి."

"అలసట?"

"లేస్తనే అలిసిపోయినట్టుంటది. చేతులల్ల బలముంటది, గని లేపబుద్ధి కాదు. గది గుడ మూడే."

ఆ మాటలు నాకెంత నచ్చాయంటే ఫారం అంచులో వాటిని కూడా రాసుకునేదాన్ని. పెళ్ళాం గురించి ఇంత తెలిసిన మొగుడు మెదక్‌లోనే కాదు, జిల్లాలోనే ఉండడనుకున్నాను. ఇంటికి పోయి జయానందంతో కొట్లాట కూడా పెట్టుకున్నాను. "నాకు ఎన్నింటికి మెలకువొస్తదో నీకెర్కనా?" అంటే, "నువ్వు గురకపెడ్తవ్, గదొక్కటెర్క" అన్నాడు.

మనసు గురించిన భాగంలో తొమ్మిదో ప్రశ్న ఒకటుంది. బతికి ఉండడం కంటే పోవడమే నయం అనిపించిందా అని. మొదటి విడతలో అబ్దుల్ ఒకటి చెప్పాడు. రెండో విడతలో చాలాసేపు నేల చూసి రెండు అన్నాడు. మూడో విడతలో మూడు. దానికి సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలని మాకు రూలు. నేను చెప్పాను. డాక్టరు ఫైలు చూసి, ఖతీజా బేగం పేరు మీద నిద్ర గోలీలు, మనసు కుదుటపడే గోలీలు రాశాడు. చీటీ అబ్దుల్ చేతికిచ్చారు, గోలీలు అబ్దులే ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఒక ఆడమనిషి ప్రాణం నా చేతిమీదుగా నిలబడిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఇక ఈ మంగళవారం సంగతి. నాలుగో విడతకు అది చివరి రోజు. ఒక్క ఖతీజా ఫారమే మిగిలింది. వాళ్ళ పక్కింటి అమ్మాయి తమన్నా స్కూటీ మీద ఆమెను దింపేసి వెళ్ళిపోయింది. వెనక అబ్దుల్ లేడు. నేను లేచి పిలిచేలోగా ఖతీజా లోపలికి వెళ్ళిపోయింది.

మిషన్లు చూసే ప్రశాంత్‌ను బతిమాలుకున్నాను. "తమ్మీ, ఒక్క ఫారం, ఇవ్వాళ పంపకుంటె మా మేడం నన్ను తింటది." మొహానికి మాస్కు, కాళ్ళకు సంచులు తొడిగించి, "పది నిమిషాలే మేడం" అని లోపలికి వదిలాడు.

మూడో మంచం మీద బురఖా తీసేసి పడుకుని ఉంది. ఆమె మొహం నేను చూడడం అదే మొదలు. గుండ్రటి మొహం, ముక్కుపుల్ల, ఎడమ చేతికి రెండు సూదులు, ఎర్రటి గొట్టాలు. కుడి చేతిలో ఫోను పట్టుకుని ఏదో వీడియో చూస్తూ కిలకిల నవ్వుతోంది. నేను గొంతు సవరించుకుని నా బజారు ఉర్దూ బయటికి తీశాను. "ఆప్ కో నీంద్... రాత్ కో నీంద్..." దగ్గరే ఆగిపోయాను.

ఆమె ఫోను పక్కన పెట్టి, "తెలుగులనే అడుగుండ్రి మేడం" అంది. "నేను టేక్మాల్‌ల పుట్టిన. సర్కారు బడిల తెలుగుల ఏడు దాక సదివిన. మీ ఉర్దూ కంటె నా తెలుగే నయముంటది."

తొమ్మిది నెలలుగా ఈమెకు తెలుగు రాదని నా ఫారాల మీద నా చేత్తో రాసి పంపాను.

సిగ్గును మింగి నిద్ర గురించి అడిగాను. "నిద్రకేం మేడం, పండుకుంటె పీనుగే. పొద్దుగూకి మగ్రిబ్ దాటంగనే పడిపోత" అంది. రాత్రి రెండింటికి మెలకువ రాదా అన్నాను. "నాకెందుకొస్తది?" అని ఎదురడిగింది. సున్నా. అలసట మిషన్ దిగిన రోజు మాత్రమే అంది. ఒకటి. మనసు బాగాలేకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం అన్నీ సున్నాలే. తొమ్మిదో ప్రశ్న దగ్గర గొంతు తగ్గించి అడిగాను. ఆమె చెంపలు వేసుకుంది.

"తౌబా తౌబా. సచ్చేదుంటె వారానికి రెండు పారీలు గీ సూదులెందుకు పొడిపిచ్చుకుంట మేడం?"

చెప్పడానికి నామోషీగా ఉంది గానీ మొదట నాకు వచ్చింది కోపం. అబ్దుల్ తొమ్మిది నెలలు నాకు అబద్ధాలు చెప్పాడే, వినీల మేడంకు నేనేం జవాబు చెప్పాలి అన్నది నా బాధ. మనిషి ఆలోచన రాలేదు, ఫారాల ఆలోచన వచ్చింది. అంతలో నాకే ఒక సర్దుబాటు తోచింది. "నిద్ర గోలీలు వేసుకుంటున్నవు కద, గందుకే మంచిగ నిద్ర పడుతుందేమో" అన్నాను.

"ఏం గోలీలు?" అంది ఖతీజా. "బీపీ గోలి ఒకటి, కాల్షియం ఒకటి, రక్తానికొకటి. గంతే. నిద్ర గోలి నాకెవరిచ్చిండ్రు?"

నేను ఫైలు తెరిచి పాత ఫారాలు తీశాను. అంచులో నేను రాసుకున్న మాటలు మళ్ళీ చదివాను. మూడో విడతలో ఒక వాక్యం ఉంది. "దుకాణం షట్టర్ లేపుడే పెద్ద పనైపోయింది." నా చేతిరాతే. అబ్దుల్ చెప్పాడు, నేను రాశాను, పక్కన మూడు అంకె వేశాను. ఖతీజా బేగం ఏ దుకాణం షట్టర్ లేపుతుంది? ఆ రోజు నాకెందుకు తట్టలేదు? ఫైలు మూయబోయి మళ్ళీ తెరిచాను.

"ఏమైంది మేడం, గట్ల అయిపోయిండ్రు?" అంది ఖతీజా.

"అబ్దుల్ భాయ్ రాత్రి పండుకుంటడా?" అన్నాను.

"నాకేమెర్క, నేను పడిపోతనాయె. నేను లేచేవరకు ఆయన లేచే ఉంటడు." ఆ మాట అంటూ అంటూనే ఆమె గొంతు తగ్గిపోయింది. ఖాళీగా ఉన్న చెయ్యి చాపి ఫైలు లాక్కుంది. రోగికి పాత ఫారాలు చూపించకూడదు. నేను ఆపలేకపోయాను. ఆమె వేలు పెట్టి ఒక్కో వరుసా తెలుగులో చదువుకుంటూ పోయింది. పైన ఆమె పేరు, కింద ఆ రాత్రులు, ఆ పైకప్పు, ఆ షట్టర్. తొమ్మిదో ప్రశ్న దగ్గర వేలు ఆగింది.

"గిది నేను కాదు మేడం" అంది. "గిది మా ఆయన."

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. నేను చేశాను. ఎత్తలేదు.

"ఇవ్వాళ ఎందుకు రాలే?"

"దుకాణంల పనున్నదన్నడు. రెండేండ్ల సంది ఒక్క దినం గుడ ఇడిశిపెట్టలే మేడం. మిషన్ దిగేదాక బయట్నే కూసుంటడు. ఇవ్వాళనే..." అంటూ లేచి కూర్చోబోయింది. మిషన్ కీచుమని అరిచింది. ప్రశాంత్ పరిగెత్తుకొచ్చాడు. "సూదులు తియ్యి" అని ఆమె, "గట్ల తీయరాదమ్మా, నెత్తురు మల్ల లోపటికి ఎక్కియ్యాలె, పదిహేను నిమిషాలన్న పడ్తది" అని అతను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"మీరు ఉరుకుండ్రి. గిదంత మీకే చెప్పిండు, మీరే రాసుకున్నరు. పోండ్రి!"

డాక్టరుకు ఫోను చెయ్యమని ప్రశాంత్‌కు చెప్పి పరిగెత్తాను. కాళ్ళకు ఆ సంచులు అట్లాగే ఉన్నాయి. ఆటో ఎక్కి "బస్టాండ్ అవతలికి, జల్దీ" అన్నాను. దారి పొడుగునా ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట కూడా గుర్తుకు రాలేదు. మూడు, మూడు, మూడు అని నేను వేసిన అంకెలే కళ్ళముందు కనపడుతున్నాయి.

దుకాణం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన మోటర్‌ను దాంట్లోకెక్కించి తాడు కడుతున్నాడు. భూమయ్య అట, రేగోడ్ రైతు. అబ్దుల్ భాయ్ ఉన్నాడా అని అడిగాను.

"లోపటున్నడమ్మా. మూడు నెల్ల సంది రేపు మాపని తిప్పిండు. నిన్న ఆయనే ఫోన్ జేసిండు. గివ్వాల్నే వచ్చి తీస్కపో, రేపు నేనుండ అన్నడు. అందరియి గట్లనే పిలిచి ఇచ్చేసిండంట."

నేను దుకాణంలోకి తొంగి చూశాను. ఎప్పుడు చూసినా కాలు పెట్టే సందు లేకుండా మోటర్లు పడి ఉండే దుకాణం అది. ఇప్పుడు నేలంతా ఖాళీ. ఊడ్చి ఉంది. ఒక్క తీగముక్క కూడా లేదు.

అబ్దుల్ వెనక గోడ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి నన్ను చూశాడు. బతికే ఉన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏంది మేడం, ఫారం కోసం గింత దూరమొచ్చిండ్రా? ఖతీజా మిషన్ మీదున్నదా?"

ఇట్లాంటప్పుడు మెల్లగా, ఓపికగా మాట్లాడాలని మాకు నేర్పించారు. నేను గట్టిగా అరిచాను. "గోలీలేవి?"

ఆయన కదల్లేదు. బల్ల సొరుగు వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు. నేనే పోయి సొరుగు లాగాను. ప్లాస్టిక్ కవరులో అన్నీ అట్లాగే ఉన్నాయి, ఒక్కటి కూడా విప్పలేదు. కవరు నా సంచిలో వేసుకుని జిప్పు పెట్టాను.

"ఎవ్వరికన్న ఒక మాట చెప్పొద్దా అబ్దుల్ భాయ్?"

"చెప్పిన కద మేడం" అన్నాడు. "మూడు పారీలు చెప్పిన. మీరు రాసుకున్నరు."

నేను ఆ నేల మీదే కూర్చుండిపోయాను. ఆయన అన్నదాంట్లో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"ఆమెకు మిషన్ టైమైతుందని తెలుగు రాదన్న. మొదలు ఆమె సంగతే చెప్దామనుకున్న" అన్నాడు. "అందరు ఖతీజా ఎట్లున్నదనే అడుగుతరు. నిద్ర పడుతుందా అని మీరు నా మొహం సూసి అడిగిండ్రు. నోట్లెకెల్లి నాదే వచ్చేసింది. మల్ల మీరొచ్చే దినం కోసం ఎదురుసూస్తుంటి."

"మల్ల ఇవ్వాళ ఎందుకు రాలేదు?"

"మీరడిగితె చెప్పేస్త. చెప్పినంక మల్ల మూడు నెల్లు ఓర్చుకుంట. ఇగ ఓర్చుకునుడు నా తోని కాదనిపిచ్చింది."

చెయ్యి పట్టుకుని లేపాను. భూమయ్య మా మొహాలు చూసి, మోటర్‌ను పక్కకు జరిపి, ట్రాలీలో మా ఇద్దరికీ చోటు చేశాడు. సెంటర్ దాకా నేను ఆయన చొక్కా అంచు పట్టుకునే కూర్చున్నాను.

ఖతీజాను మిషన్ దింపేశారు. చేతికి దూది, పట్టీ వేసి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె ఏడవలేదు. అబ్దుల్‌ను కింది నుంచి పైదాకా చూసి, "కూసో" అంది. ఆయన కూర్చున్నాడు. డాక్టరు బయల్దేరాడు, అరగంటలో వస్తాడు అని ప్రశాంత్ చెప్పాడు.

ఈసారి తప్పు జరగకూడదనుకున్నాను. డాక్టరు చేతికి సరైన మనిషి కాగితం ఇవ్వాలి. కొత్త ఫారం తీసి పైన 'అబ్దుల్, వయసు యాభై ఒకటి' అని రాసి మొదటినుంచి అడిగాను.

"నిద్ర పడుతుందా?"

ఆయన నా పెన్ను వైపు చూశాడు. "పడ్తది మేడం."

"అలసట?"

"గంత ఏం లేదు. మంచిగనే ఉన్న."

"అబ్దుల్ భాయ్, నిజం చెప్పుండ్రి."

"నాకేమైంది మేడం, బీమారి ఆమెకు గని. సున్నా రాయుండ్రి."

తొమ్మిదోది అడిగాను. అసలు లేదన్నాడు. ఆయన గోలీలు నా సంచిలోనే ఉన్నాయి, నా ఒళ్ళోనే ఉన్నాయి. అయినా మొహం చూసి సున్నా అన్నాడు. గంట కింద దుకాణంలో నోరు విప్పిన మనిషేనా ఈయన అని బిత్తరపోయాను. ఈ కాగితం చూస్తే ఏ డాక్టరైనా వీపు తట్టి ఇంటికి పంపిస్తాడు. ఇంకేం అడగాలో ఫారంలో లేదు, నాకూ తెలియలేదు.

అప్పుడు ఖతీజా అంది. "మేడం, గా పేరు కొట్టేయుండ్రి. నా పేరు రాయుండ్రి. నా పేరు మీదైతే నిజం చెప్తడు."

తెలిసి తెలిసి ఒక్క తప్పుడు అక్షరం కూడా నేను ఎన్నడూ రాయలేదు. 'అబ్దుల్' కొట్టేసి 'ఖతీజా బేగం' అని రాశాను. ఆమె ఫారం నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఖతీజాకు రాత్రి నిద్ర పడుతుందా?" అని మొగుణ్ణి అడిగింది.

ఆయన ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. "పడదు" అన్నాడు. "రెండింటికే మెలకువొస్తది."

"మల్ల ఏం జేస్తది?"

"పక్కన పండుకున్నోళ్ళ ఊపిరి వింటది. ఆగిపోయిందేమోనని."

ఖతీజా పెదవి కొరుక్కుంది. కానీ ఆగలేదు. అలసట అడిగింది, ఆకలి అడిగింది, మనసు అడిగింది. ఒక్కో ప్రశ్నా వేలు పెట్టి చదువుతూ పోయింది. ఆయన ఒక్కోదానికీ చెబుతూ పోయాడు. నేను అంకెలు వేస్తూ పోయాను. తొమ్మిదోది వచ్చింది.

"ఖతీజాకు ఇగ బతుకొద్దు అనిపిస్తదా?"

"దినాం" అన్నాడు.

"ఇవ్వాళ గుడనా?" ఆ ప్రశ్న ఫారంలో లేదు.

"ఇవ్వాళ గుడ."

"మూడు రాయుండ్రి మేడం" అంది నా వైపు తిరక్కుండానే, ఆయన చెయ్యి అందుకుని. రాశాను. సూదులు పొడిచిన ఆ చేతితో ఏదీ గట్టిగా పట్టొద్దని ప్రశాంత్ రెండుసార్లు వచ్చి చెప్పాడు. డాక్టరు వచ్చేదాకా ఆమె ఆయన చెయ్యి వదలలేదు.